గొంతును తొందరపెట్టకండి

నెమ్మదిగా సాగే విషాద గీతాల్లో చాలా వాటి వేగం నిమిషానికి 70 నుంచి 80 బీట్ల మధ్య ఉంటుంది. హార్డ్‌స్టైల్ అనే డచ్ డ్యాన్స్ మ్యూజిక్ 150 దగ్గర నడుస్తుంది. 75కి రెట్టింపు 150. ఏడుపు పాటను తీసుకెళ్లి డ్యాన్స్ ఫ్లోర్ మీద పడేయడం ఘోరమని ఎవరైనా అన్నప్పుడు నేను ముందు ఈ లెక్కే చెబుతాను. పాట వేగం పెంచాల్సిన పనే లేదు. గాయని స్టూడియోలో ఎంత నిదానంగా పాడిందో రీమిక్స్‌లోనూ అంతే నిదానంగా పాడుతుంది. ఆమె ఒక బీటు గడిపే లోపు కింద రెండు కిక్‌లు, అంటే పెద్ద డ్రమ్ దెబ్బలు, పడతాయి. కర్ణాటక సంగీతం కొద్దిగా నేర్చుకున్నవాళ్లకు కూడా ఇది తెలిసిన సంగతే. గొంతు మొదటి కాలంలో సాగుతుంటే మృదంగం రెండో కాలంలోకి వెళ్తుంది. పాడేవాళ్లను ఎవరూ తరమరు.

నా వాదన మొత్తం దీని మీదే నిలబడి ఉంది. విషాద గీతాన్ని హార్డ్‌స్టైల్‌గా మార్చొచ్చు. శ్రద్ధగా మారిస్తే ఆ దుఃఖం ఇంకా గట్టిగా తగులుతుంది. కానీ గొంతును తొందరపెట్టిన క్షణంలో పాట చేజారిపోతుంది. ఇంటర్నెట్‌లో దొరికే ఇలాంటి రీమిక్స్‌లలో చాలా వాటి మీద నాకూ కోపమే ఉంది. అయితే జనం కిక్‌ను తిడతారు, నేను గొంతుకు జరిగిన అన్యాయాన్ని తిడతాను.

ఈ సంగీతం తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 1990ల మొదట్లో రోటర్‌డామ్‌లో గాబర్ అనే మ్యూజిక్ పెరిగింది. నిమిషానికి 160, 180, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మెలోడీ తక్కువ, దెబ్బ ఎక్కువ. 2000 ప్రాంతంలో ఆ వేగాన్ని తగ్గించి, హార్డ్ ట్రాన్స్ అనే ఇంకో డ్యాన్స్ మ్యూజిక్‌లోని రాగాల ఊపును కలుపుకుని హార్డ్‌స్టైల్ తయారైంది. బెల్జియం, ఇటలీ వాళ్ల చెయ్యి కూడా ఇందులో ఉంది. ఆర్నెమ్ స్టేడియంలో ఏళ్ల తరబడి జరిగిన క్లైమాక్స్ అనే వేడుక, 2003లో మొదలైన డెఫ్‌కాన్ వన్ లాంటి పెద్ద పండుగల చుట్టూ దీని అభిమానులు పెరిగారు. తర్వాత హెడ్‌హంటర్జ్, వైల్డ్‌స్టైల్జ్, బ్రెనన్ హార్ట్ లాంటి ప్రొడ్యూసర్లు మెలోడీని బాగా ముందుకు తెచ్చారు. దాన్ని యూఫోరిక్ హార్డ్‌స్టైల్ అంటారు. మెలోడీని పక్కన పెట్టి కిక్‌నే కరుకుగా వాడేది రా హార్డ్‌స్టైల్. విషాద గీతాల రీమిక్స్‌లు ఎక్కువగా మొదటి దారిలో వస్తాయి.

నేను నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉంటాను. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్‌లు చేసుకోవడం. మాది నల్లగొండ జిల్లా. అక్కడ మా బాబాయి భజన బృందంలో హార్మోనియం వాయిస్తాడు. చెవి చాలా నికార్సైనది. ఒకసారి నాకు బాగా నచ్చిన ఒక రీమిక్స్ ఆయనకు వినిపించాను. చివరిదాకా విని, "ఏందిరా ఇది, ఆ పిల్ల అక్కడ ఏడుస్తుంటే వెనక ఎవడో తలుపు బాదుతున్నట్టున్నది" అన్నాడు.

ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. అదే ట్రాక్ మళ్లీ వింటే, ఆయన ఇబ్బంది పడ్డ చోటు నాకూ దొరికింది. పల్లవిలో కార్డ్, అంటే పాట కింద కలిపి వాయించే స్వరాల గుంపు, మారుతోంది, కిక్ మాత్రం పాత స్వరం మీదే ఉండిపోయింది.

హార్డ్‌స్టైల్ కిక్ గురించి బయటివాళ్లకు తెలియని ముఖ్యమైన సంగతి ఇది. దానికి శ్రుతి ఉంటుంది. 150 వేగంలో ఒక కిక్‌కూ తర్వాతి కిక్‌కూ మధ్య 400 మిల్లీసెకన్లు ఉంటాయి. అందులో మొదటి కొద్ది భాగం మాత్రమే దెబ్బ. మిగతాదంతా తోక, అంటే దెబ్బ తర్వాత సాగే శబ్దం. ఆ దెబ్బకు మూలం 1980లలో వచ్చిన రోలాండ్ టీఆర్-909 డ్రమ్ మెషీన్ శబ్దం. దాన్ని శబ్దాన్ని కరుకుగా మార్చే డిస్టార్షన్ గుండా పంపి, ఈక్వలైజర్‌తో చెక్కి, మళ్లీ డిస్టార్షన్ గుండా పంపుతారు. ఇలా పొరలు పొరలుగా చేస్తూ పోతే తోకలో స్పష్టమైన స్వరం నిలుస్తుంది. దాని అడుగు స్వరం సాధారణంగా 45, 50, 55 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. అంత కింది స్వరాన్ని చిన్న స్పీకర్లు వినిపించలేవు. కానీ డిస్టార్షన్ వల్ల దాని మీద బోలెడు పై స్వరాలు పుడతాయి, చెవి వాటిని బట్టి శ్రుతిని పట్టేస్తుంది. పాట కార్డ్ మారినప్పుడల్లా మంచి ప్రొడ్యూసర్ ఆ తోక స్వరాన్ని కూడా మారుస్తాడు. అప్పుడు కిక్ తాళం వేయడంతో ఆగదు, పాట అడుగున బేస్ లైన్‌ను అదే పాడుతుంది. మన మృదంగం కుడి వైపును గాయకుడి షడ్జమానికి శ్రుతి చేస్తారు. శ్రుతి తప్పిన మృదంగంతో ఎవరూ కచేరీకి కూర్చోరు. కిక్ విషయంలోనూ అంత పట్టుదల ఉండాలి.

విషాద గీతాలతో ఇక్కడ ఇంకో చిక్కు వస్తుంది. వాటిలో కార్డ్‌లు మెల్లగా, నాజూగ్గా మారతాయి. పియానో ఎడమ చెయ్యి ఒక్కో మెట్టు దిగుతూ వస్తుంది. ఆ దిగుడులోనే సగం దుఃఖం ఉంటుంది. చాలామంది రీమిక్స్ చేసేటప్పుడు దాన్ని తీసేసి, ప్రతి పాటకూ సరిపోయే నాలుగు కార్డ్‌లు పెట్టేస్తారు. పాట అదే, గొంతు అదే, అయినా విన్నవాళ్లకు ఏదో పోయిందనిపిస్తుంది. ఏం పోయిందో చెప్పలేరు. పోయింది ఆ దిగుడే. కిక్ తోకలతో అదే మెట్ల వరుసను దిగడం కుదురుతుంది. ఒక్కో మెట్టుకూ వేరే కిక్ తయారు చేసుకోవాలి, ఎందుకంటే ఒక స్వరంలో బాగా పలికిన తోక ఇంకో స్వరంలో బురదలా వినిపిస్తుంది. విసుగు పుట్టించే పని. కానీ మా బాబాయి లాంటి చెవికి తేడా తెలిసేది అక్కడే.

ఇక బ్రేక్. మంచి హార్డ్‌స్టైల్ ట్రాక్ మధ్యలో డ్రమ్ పూర్తిగా ఆగిపోతుంది. ఒక నిమిషం, కొన్నిసార్లు అంతకు మించి, కిక్ ఉండదు. పియానో, వయొలిన్ లాంటి తీగల శబ్దం, గొంతు, అంతే. అంటే రీమిక్స్‌లో ఒక చరణం మొత్తం దాదాపు ముట్టుకోకుండా వినిపించే వీలు ఈ సంగీత నిర్మాణంలోనే ఉంది. "ఆ బాదుడులో పాట ఎక్కడ వినిపిస్తుంది" అనేవాళ్లు చాలాసార్లు బ్రేక్ దాకా ఆగి ఉండరు. బ్రేక్ తర్వాత ఉత్కంఠ పెంచే బిల్డప్, ఆ తర్వాత కిక్ తిరిగొచ్చే క్లైమాక్స్. క్లైమాక్స్‌లో చాలాసార్లు మాటలు ఉండవు. గాయని అప్పటిదాకా పాడిన వరుసనే సింథ్ అందుకుంటుంది. 1990ల రెండో సగంలో రోలాండ్ జేపీ-8000తో పేరొందిన సూపర్‌సా అనే శబ్దం ఉంది. ఒకే స్వరాన్ని కొద్దికొద్దిగా శ్రుతి తేడాతో ఏడు పొరలుగా పలికించడం దాని పద్ధతి. ఒక్క గొంతు పాడిన వరుస ఆ శబ్దంలో ఒక గుంపు పాడినట్టు మారిపోతుంది.

నాకు ఈ సంగీతం మీద ఇంత ప్రేమ పుట్టడానికి కారణం సరిగ్గా ఆ మార్పే. విషాద గీతాన్ని మనం ఒంటరిగా వింటాం. రాత్రి బస్సులో, ఇయర్‌ఫోన్స్‌లో, తల దిండులో పెట్టుకుని. ఆ గొంతు మనతోనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అది గొప్ప అనుభవమే, దాన్ని ఎవరూ లాక్కోవడం లేదు. అసలు పాట ఎక్కడికీ పోదు. కానీ ఆ దుఃఖం నా ఒక్కడిదే అనుకుని మోసినవాడు పదివేల మంది మధ్య నిలబడి, అదే వరుసకు అందరి చేతులూ పైకి లేవడం చూస్తే అతని లోపల ఏదో సడలుతుంది.

డెఫ్‌కాన్ వన్ ఇప్పుడు జరిగే బిడ్డింగ్‌హౌజెన్ ఊరు ఫ్లేవోలాండ్‌లో ఉంది. 1957 దాకా ఆ నేల నీటి అడుగునే ఉండేది. గట్లు కట్టి, నీళ్లు తోడేసి తయారు చేసుకున్న భూమి. 2011 నుంచి ఈ వేడుక అక్కడే జరుగుతోంది. బ్రేక్ వచ్చి గాయని గొంతు ఒక్కటే మిగిలినప్పుడు అంత పెద్ద మైదానంలో జనం ఎలా ఉంటారో చూడాలి. స్నేహితుల మెడల చుట్టూ చేతులు వేసుకుంటారు. కొందరు కళ్లు మూసుకుంటారు. ఆరడుగుల పైన ఎత్తు, టాటూలు, చెమటలు కారుతున్న మనుషులు ఏ మొహమాటమూ లేకుండా కన్నీళ్లు తుడుచుకుంటారు. తర్వాత కిక్ దిగగానే అదే మొహాలతో గంతులు వేస్తారు. ఏడుపు ఆగిపోయి ఆట మొదలైందని దూరం నుంచి చూసేవాళ్లు అనుకోవచ్చు. దగ్గర నుంచి చూస్తే ఏడుపు కూడా కొనసాగుతూనే ఉంటుంది.

డచ్ వాళ్లకు ఇది పరాయి సంగతి కూడా కాదు. వాళ్లకు లేవెన్స్‌లీడ్ అనే పాటల సంప్రదాయం ఉంది. పోయిన ప్రేమ, తాగుడు, తల్లి, ఒంటరితనం, వీటి మీద మామూలు కూలీనాలీ జనం గొంతెత్తి పాడుకునే పాటలు. ఆంద్రే హాజెస్ అందులో పెద్ద పేరు. 2004లో ఆయన పోయినప్పుడు శవపేటికను ఆమ్‌స్టర్‌డామ్ ఫుట్‌బాల్ స్టేడియం మధ్యలో ఉంచారు. స్టేడియం నిండా జనం ఆయన పాటలు పాడుతూ వీడ్కోలు చెప్పారు. దుఃఖాన్ని పెద్ద గొంతుతో, గుంపుగా, బీర్ గ్లాసు చేతిలో పట్టుకుని పాడే అలవాటున్న దేశం ఇది. అక్కడి పిల్లలే హార్డ్‌స్టైల్ చేశారు.

మరి మనకు? తెలుగువాళ్లకు ఏడుపూ ఆటా వేరువేరు అరల్లో ఉంటాయని ఎవరు చెప్పారు?

మా ఊళ్లో ఎవరైనా పోతే పాడె ముందు డప్పులు కదులుతాయి. డప్పును మంట దగ్గర కాచి బిగువు తెచ్చి, చిర్ర, సిటికెన పుల్ల పట్టి వాయిస్తారు. పెద్ద వయసులో పోయినవాళ్లయితే మనవళ్లు, ఊరి కుర్రాళ్లు ఆ దెబ్బకు అడుగులు వేస్తూ వెళ్తారు. వెనక ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ, పోయిన మనిషి గుణాలు వరుసగా చెప్పుకుంటూ ఏడుస్తారు. ఆ ఏడుపుకు ఒక రాగం ఉంటుంది, నెమ్మదిగా సాగుతుంది. ముందు డప్పు వేగంగా నడుస్తుంది. రెండూ ఒకే వీధిలో, ఒకే గంటలో. డప్పు కొట్టినవాళ్ల మీద ఈ పనిని కులం పేరుతో వెట్టిగా మోపారన్నది మరిచిపోయి దీన్ని అందమైన సంప్రదాయంగా చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆ అవమానం నిజం. ఆ సంగీతంలోని జ్ఞానం కూడా నిజం. చావు దగ్గర వేగమైన లయ వాయించొచ్చని, అది పోయినవాళ్లకు అగౌరవం కాదని వాళ్లకు తెలుసు.

పీర్ల పండుగ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 680లో కర్బలాలో జరిగిన చావుల స్మరణ అది. హుస్సేన్, ఆయన కుటుంబం, దాహంతో అల్లాడిన పిల్లలు, ఇదంతా పాటల్లో వస్తుంది. తెలంగాణ పల్లెల్లో, రాయలసీమలో గూగూడు లాంటి చోట్ల హిందువులూ ముస్లింలూ కలిసి చేసే పండుగ. రాత్రిపూట నిప్పుల గుండం చుట్టూ డప్పుల మోతకు "అసోయ్ దూలా" అంటూ తిరుగుతూ ఆడతారు. నోట్లో ఉన్నది చావు పాట. కాళ్లలో ఉన్నది ఆట. చిన్నప్పుడు అది చూస్తూ పెరిగిన నాకు, బిడ్డింగ్‌హౌజెన్‌లో జనం ఏడుస్తూ ఎగరడం వింతగా తోచలేదు.

ఇంకా దగ్గరి కాలంలో, తెలంగాణ ఉద్యమం నాటి ధూంధాం వేదికలు. ప్రాణాలు తీసుకున్న విద్యార్థుల మీద పాటలు, కాళ్లకు గజ్జెలు, డప్పులు, చిందు. పాట వింటూ తల్లులు ఏడ్చేవాళ్లు. వేదిక మీద కళాకారులు ఆగకుండా ఆడేవాళ్లు. ఆట వల్ల ఆ పాట బరువు తగ్గిందని ఎవరైనా అనగలరా?

కాబట్టి "దుఃఖానికి డ్యాన్స్ తగదు" అనే మాటను నేను ఒప్పుకోను. దానికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది, దానికి జవాబు చెప్పాలి. పాట దేని గురించో జనం మరిచిపోతారనే అభ్యంతరం.

దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ క్రాన్‌బెర్రీస్ అనే ఐర్లండ్ బృందం పాడిన 'జాంబీ'. 1993 మార్చిలో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్ బజారులో ఐఆర్‌ఏ అనే ఐరిష్ సాయుధ సంస్థ పెట్టిన బాంబులకు ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఒకరికి మూడేళ్లు, ఇంకొకరికి పన్నెండు. ఆ కడుపుకోత, కోపం కలిపి బృందం గాయని డొలోరెస్ ఓ'రియోర్డన్ ఆ పాట రాసింది. 1994లో విడుదలైంది. మామూలుగా మనం మెలోడీ అనుకునే పాట కాదు, గిటార్లు బాగా గర్జిస్తాయి. కానీ దాని నడక నెమ్మది, దాని మధ్యలో ఉన్నది పిల్లల చావు. ఆమె 2018 జనవరిలో చనిపోయింది. అదే సంవత్సరం ర్యాన్-డీ అనే డచ్ డీజే దాన్ని హార్డ్‌స్టైల్‌గా చేశాడు. ఈ తరహా రీమిక్స్‌లలో బాగా పేరొచ్చిన వాటిలో అది ఒకటి. మైదానాలు మైదానాలు ఆ పల్లవిని అరుస్తాయి.

అలా అరిచేవాళ్లలో వారింగ్టన్ పేరు తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు? తక్కువమందే ఉంటారని నా అనుమానం. అయితే ఈ నింద ఒక్క హార్డ్‌స్టైల్ మీదే వేయడం న్యాయం కాదు. 2023 రగ్బీ ప్రపంచకప్‌లో ఐర్లండ్ అభిమానులు అదే అసలు పాటను, ఏ రీమిక్సూ లేకుండా, గెలుపు పాటగా స్టేడియాల్లో పాడారు. అలా పాడటం సబబేనా అని ఐర్లండ్‌లోనే పెద్ద చర్చ జరిగింది. వేలమంది నోళ్లలో పడ్డ ప్రతి పాటకూ ఈ ప్రమాదం ఉంది. దానికి రీమిక్స్ చేసేవాళ్లు చేయగలిగింది ఒకటి ఉంది. పాట దేని గురించో చెప్పే చరణాన్ని కోసేయకుండా ఉండటం. పల్లవి ఒక్కటే పీకి తెచ్చుకుంటే మిగిలేది అరుపు. చరణాన్ని బ్రేక్‌లో, కిక్ లేకుండా, ప్రతి మాటా అర్థమయ్యేలా పెడితే, తెలుసుకోవాలనుకున్నవాడికి దారి ఉంటుంది. చరణం లేని రీమిక్స్‌ను నేను నా ప్లేలిస్టులో ఉంచను.

ఇప్పుడు కోపం సంగతి. 2020ల మొదట్లో చిన్న వీడియోల పుణ్యాన హార్డ్‌స్టైల్ జిమ్‌లలోకి వెల్లువలా వచ్చింది. ఆ బంధం అంతకు ముందే ఉంది. 2011లో 22 ఏళ్లకే చనిపోయిన ఆస్ట్రేలియా బాడీబిల్డర్ అజీజ్ షవెర్షియన్, జిజ్ అనే పేరుతో, ఈ సంగీతాన్ని కసరత్తు చేసే కుర్రాళ్లకు అంటించాడు. బరువులు ఎత్తేటప్పుడు ఈ కిక్ ఇచ్చే బలం నాకూ తెలుసు, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదు దాని కోసం తయారయ్యే రీమిక్స్‌ల మీద. పదిహేను సెకన్ల వీడియోకు బ్రేక్ అక్కర్లేదు. కాబట్టి బ్రేక్ ఉండదు. ప్రేమ పోయిందని ఒక గొంతు ఒక్క లైను అంటుంది, మరుక్షణం కిక్. ఆ లైను కూడా పరిగెడుతుంది.

పరిగెత్తించడం అంటే ఏం జరుగుతుందో లెక్కతో చెబుతాను. నిమిషానికి 100 బీట్ల పాటను పట్టుకొచ్చి 150కి తోశారనుకోండి. టేప్‌ను తిప్పినట్టు నేరుగా వేగం పెంచితే శ్రుతి కూడా ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. అంటే గాయకుడు సా పాడిన చోట పా వినిపిస్తుంది. నలభై ఏళ్ల మనిషి గొంతు పదేళ్ల పిల్లాడి గొంతు అవుతుంది. అలా కాకుండా శ్రుతి మారకుండా సాఫ్ట్‌వేర్‌తో నొక్కితే ఇంకో రకం నష్టం. మంచి గాయకుల గొంతులో దీర్ఘ స్వరం మీద సెకనుకు అయిదారు సార్లు సన్నటి కంపనం ఉంటుంది. దాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే ఎనిమిది, తొమ్మిది అవుతుంది. అప్పుడది చలికి వణుకుతున్న గొంతు. మాటల మధ్య తీసుకున్న ఊపిరి కూడా కురచ అవుతుంది. విషాద గీతంలో ఆ ఊపిరి చాలా ముఖ్యం. పాడేవాళ్లు తర్వాతి మాట అనాలా వద్దా అని తటపటాయించే జాగా అది. దాన్ని నొక్కేస్తే మిగిలేది ట్యూన్ మాత్రమే.

గొంతును వేరు చేసే సాధనాలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. 2019లో డీజర్ సంస్థ స్ప్లీటర్‌ను ఉచితంగా ఇచ్చింది, మెటా వాళ్ల డీమక్స్ ఇంకా బాగా పనిచేస్తుంది. ఏ పాట నుంచైనా నిమిషాల్లో గొంతును విడదీయొచ్చు. కానీ పాత రికార్డింగ్‌లలో గొంతుకు పట్టిన రివర్బ్ అనే ప్రతిధ్వని, వెనక వయొలిన్ల నీడ ఇంకా అంటుకునే వస్తాయి. పాట లోపల వింటే తెలియదు. కిక్ పక్కన ఒంటరిగా పెడితే నీళ్లలోంచి పాడుతున్నట్టు ఉంటుంది. ఓపిక ఉన్నవాళ్లు గాయనితో మళ్లీ పాడించుకుంటారు. నా దృష్టిలో అదే సరైన దారి.

అనుమతి మాట కూడా ఎత్తాలి. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 31సి సెక్షన్ ప్రకారం, మొదటి రికార్డింగ్ వచ్చిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లు గడిస్తే, రాయల్టీ కట్టి కవర్ వెర్షన్ చేసుకోవచ్చు. కానీ అవసరానికి మించి పాటను మార్చకూడదు. హార్డ్‌స్టైల్ అంటేనే మార్చడం కాబట్టి ఈ సెక్షన్ మనల్ని కాపాడదు, హక్కుదారుల అనుమతి తీసుకోవాల్సిందే. దీన్ని అడ్డంకిగా చూసే రీమిక్స్ మిత్రులతో నేను ఏకీభవించను. తన పాట ఏమవుతుందో అడిగే హక్కు స్వరకర్తకు ఉండాలి. అయితే మన ఆడియో కంపెనీలకు ఒక విన్నపం. గొంతు, వాద్యాలు విడివిడిగా ఉన్న ట్రాక్‌లను కొన్ని పాత పాటలకైనా నిబంధనలు పెట్టి ఇవ్వండి. ఎలాగూ డీమక్స్‌తో చీల్చుకుంటున్నారు. అదేదో శుభ్రమైన గొంతుతో, మీ అనుమతితో, స్వరకర్తకు డబ్బు చేరేలా జరగొచ్చు.

తెలుగు పాటలతో ఈ పని చేయాలనుకునేవాళ్లకు రెండు నిజమైన కష్టాలు ఎదురవుతాయి. ఒకటి గమకం. ఇంగ్లిష్ విషాద గీతంలో స్వరం ఎక్కువగా ఒక చోట నిలుస్తుంది, కిక్ తోక దాని కింద హాయిగా కూర్చుంటుంది. మన పాటలో స్వరం కదులుతుంటుంది. శివరంజని ఛాయ ఉన్న వరుసలో గాంధారం దగ్గర గొంతు కొద్దిగా జారితే, కింద గట్టిగా నిలబడ్డ తోకతో అది రాపిడి పడుతుంది. దీనికి చాలామంది చేసే పని గొంతును ఆటోట్యూన్ అనే శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్‌తో నిఠారుగా చేయడం. అది నేను చూడలేని పని. గమకం వచ్చే చోట తోకను కురచ చేస్తే సరిపోతుంది. రెండు మూడు కిక్‌ల పాటు అడుగు కొంచెం పలచబడుతుంది, గొంతు తన దారిన తను కదిలి వస్తుంది. ఆ పలచదనం వల్ల తర్వాతి నిండు కిక్ ఇంకా బాగా తగులుతుంది కూడా.

రెండోది తిశ్రం. మన జోల పాటలు, అప్పగింతల పాటలు, సినిమా మెలోడీల్లో కూడా చాలా వాటి నడక మూడు మూడుగా ఉంటుంది. హార్డ్‌స్టైల్ నాలుగు నాలుగుగా నడుస్తుంది. కుదరదని వదిలేసేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం అసలు ఆశ ఇక్కడే ఉంది. పాట నడక నిమిషానికి 50 ఉంటే, ఒక్కో నడకలో ఉన్న మూడు అక్షరాలకూ ఒక్కో కిక్ పడుతుంది, మొత్తం 150. నడక 75 ఉంటే గొంతు మూడు అక్షరాలు పలికే లోపు కింద రెండు కిక్‌లు పడతాయి. ఈ మూడుకు రెండు లెక్కలో గొంతూ కిక్కూ నడక మొదట్లో మాత్రమే కలుసుకుంటాయి. మధ్యలో గొంతు కిక్‌ల సందుల్లోంచి సాగుతుంది. మూడేసి దెబ్బల వరసలు హార్డ్‌స్టైల్‌కు కొత్త కాదు, క్లైమాక్స్‌లలో ఎప్పుడూ వాడతారు. కానీ పాట మొత్తం తిశ్రంలో సాగనివ్వడం అరుదు. మన పాటలు వాళ్ల సంగీతానికి ఏదైనా ఇవ్వగలిగితే అది ఇదే అనుకుంటాను.

ప్రస్తుతం నేను చేస్తున్నది ఒక అప్పగింతల పాట. తరతరాలుగా పాడుకుంటూ వస్తున్న పాట, ఎవరి సొత్తూ కాదు. మన పెళ్లిళ్లలో ఒకే రోజున అప్పగింతల్లో ఏడ్చినవాళ్లే బరాత్‌లో డీజే ముందు ఆడతారు కాబట్టి ఆ పాటకు ఈ కిక్ పరాయిది కాదని నా నమ్మకం. మా పిన్ని ఫోన్‌లో పాడి పంపింది. ముందు వేగం చెప్పే మెట్రోనోమ్ లేదు, తాళం వేసేవాళ్లు లేరు. బిడ్డను అత్తారింటికి పంపే మాటల దగ్గర ఆమె నెమ్మదించింది, పుట్టింటి వైభవం చెప్పే చోట కొంచెం ముందుకు పోయింది. మామూలు పద్ధతి ప్రకారమైతే ఆ గొంతును ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ లాగి, సాఫ్ట్‌వేర్‌లో 150 వేగానికి గీసి ఉన్న బీట్ల గీతల మీద సరిగ్గా కూర్చోబెట్టాలి. నేను గీతలను కదుపుతున్నాను. ఆమె నెమ్మదించిన చోట ట్రాక్ 146కి దిగుతుంది, ముందుకు పోయిన చోట 153 దాకా వెళ్తుంది. కిక్ ఆమె వెనకాల నడుస్తుంది. డీజేలకు ఇలాంటి ట్రాక్‌తో చిక్కే, వేగం నిలకడగా లేకపోతే పక్క ట్రాక్‌తో కలపడం కష్టం. పిన్నిని సరిచేయడం కంటే ఆ కష్టం వాళ్లు పడటమే నాకు న్యాయంగా తోస్తోంది.